తూర్పు గట్టు మళ్లీ కారుతోంది

మళ్లీ దిగిపోయింది! రాత్రి అంచుదాకా నింపిన కుంట పొద్దున్నకి తేడా కొట్టేసింది. నెల్లిమర్ల అవతల మా ఎకరంన్నర తోటలో మిగతావన్నీ ఓ దారికొచ్చాయి. పనస చెట్టు చుట్టూ అరుగు అయిపోయింది, ముప్పై మంది కూర్చోవచ్చు. రాధామనోహరం పందిరెక్కింది. కొత్త పొయ్యి మీద బిరియానీ కూడా దించాం. ఈ కుంటే మాట వినడం లేదు.

పైన 24 అడుగులు బై 16, నడిమధ్య మూడున్నర లోతు. మాది ఎర్ర గరప నేల, ఎంత పోసినా తాగేస్తుంది. అందుకే జిగురుగా ఉండే బంద మట్టి తోలించి, జానెడు మందాన పరిచి, దున్నపోతులతో తొక్కించాం. అయినా రోజుకి మూడంగుళాలు పోతోంది.

ఎండకి ఆవిరైపోతోందన్నారు. వాన లేని రోజు చూసుకుని, బకెట్‌లో రాయి వేసి, కుంట మట్టానికే నీళ్లు పోసి, కుంటలోనే నిలబెట్టాను. మర్నాటికి బకెట్‌లో పావంగుళం తగ్గితే బయట మూడు. అంటే దాదాపు 2,500 లీటర్లు ఎటో పోతున్నాయన్నమాట. మోటారు కట్టేసి వదిలేస్తే అసలు సంగతి తెలిసింది: 13 అంగుళాలు దిగాక నీరు ఆగిపోయింది. అడుగు గట్టిదే. చిల్లు ఆ పైనే ఎక్కడో ఉంది.

తూర్పు వైపు నేల వాలు కాబట్టి అటు గట్టు మాత్రమే పోసిన మట్టి. దాని కిందే పక్కవాళ్ల వరిమడి. గట్టు పొడుగునా పసుపు నీళ్లు కొంచెం కొంచెంగా వంచుతూ పోయాను. ఒకచోట పసుపు చార సన్నగా సాగి, రూపాయి బిళ్లంత కన్నంలోకి జారుకుంది. కన్నం మూతి చుట్టూ మట్టి గుళికలు. వెదురు పుల్ల పెడితే రెండడుగులు పోయి వంగింది. పీత! జిగురు మట్టి ముద్దలు కూరి తొక్కితే, తెల్లారేసరికి జానెడు అవతల ఇంకోటి.

పక్క మడికి దమ్ము పట్టిన దగ్గర్నుంచే కారడం ఎక్కువైంది కాబట్టి అవి అక్కణ్ణుంచే ఎక్కుతున్నాయని నా అనుమానం. గట్టులో పాత తాటి మొదలు ఒకటి కుళ్లుతోంది, ఆ వేళ్ల సందులు కూడా దారి ఇస్తున్నాయేమో. పనికొచ్చే పెద్దాయన్ని అడిగితే, "పీతలు పోవు బావూ, పట్టి కూరొండుకోడవే" అన్నాడు.

సిల్పాలిన్ అనే ప్లాస్టిక్ షీటు పరిచెయ్యమని అందరి సలహా. పొలంలో నీటి గుంటకి దానికి మించింది లేదు గానీ, కూర్చుని చూసే కుంటకి ఆ మెరిసే అంచు నాకు నచ్చదు, కప్పలు ఎక్కలేక జారతాయి కూడా. తడిస్తే ఉబ్బే బెంటొనైట్ మట్టి నీరు ఇంకకుండా ఆపడానికి మంచిదే గానీ, పీత దాన్నీ తవ్వేస్తుంది. అందుకని తాటి మొదలు పెకలించి, గట్టు నడుమ రెండున్నర అడుగుల లోతున సన్నటి కందకం తీసి, షీటు నిలువుగా దించి, రెండు పక్కలా మట్టి దిమ్మిస చేయిస్తాను. పైకేమీ కనబడదు.

ఇప్పుడు ఉడుపులు, కూలీలు దొరకరు. అవయ్యాక పట్టుకుంటే కార్తీక వనభోజనాలకి కుంట నిండుగా ఉంటుంది. దోమలకి గంబూసియా చేపలు వెయ్యమంటున్నారు, అది తోకకప్పల్నీ తినేస్తుంది, వెయ్యను. కలువ దుంపలు కుండీల్లోనే దించుతాను. ఉసిరి నీడన ఇంకో అరుగుకి రాయి బేరం కూడా మాట్లాడాలి.