పాటకి ఎంత ఇవ్వాలి? ముందు చేతులు లెక్కపెట్టండి

మొబైల్ షాపుకి మెమరీ కార్డు పట్టుకెళ్తే పదికో ఇరవైకో కార్డు నిండా పాటలు ఎక్కించి ఇచ్చే రోజులు పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ బజార్లలో చాలామందికి గుర్తే ఉంటాయి. ఆ ఇరవై షాపువాడి కరెంటు బిల్లుకీ వాడి ఓపికకీ. పాడినవాళ్ళకి అందులో దమ్మిడీ లేదు. కార్డులు పోయాయి గానీ ఆ ధర మాత్రం మన బుర్రలో అలాగే ఉండిపోయింది. ఒక్క పాటకి యాభై అంటే ఇప్పటికీ గుండె గుభేల్‌మంటుంది.

సక్రమంగా అమ్మిన దుకాణాలూ ఈ అలవాటుని పెద్దగా మార్చలేదు. ఫ్లిప్‌కార్ట్ వాళ్ళ ‘ఫ్లైట్’ అనే ఆన్‌లైన్ పాటల దుకాణం 2012లో మొదలైనప్పుడు పాట 6 రూపాయల నుంచి ఉండేది, 2013 జూన్‌కే మూతపడింది. 2012 డిసెంబరులో ఐట్యూన్స్ మన దేశానికి వచ్చినప్పుడు పాట 7 నుంచి 15 రూపాయలు. అవి సినిమా పాటలకి సరిపోయే ధరలు. సినిమా పాట ఖర్చు నిర్మాత ముందే పెట్టేసి ఉంటాడు, ఆ పాట లక్షలమందికి చేరుతుంది. సొంత డబ్బుతో పాట చేసి రెండు మూడు వందలమందికి అమ్ముకునే బృందానికి అదే కొలత పెడితే స్టూడియో అద్దె కూడా తిరిగి రాదు.

కాబట్టి ధర ఆలోచించేటప్పుడు మన అలవాటుని పక్కనపెట్టి పాట ఖర్చు దగ్గర మొదలుపెట్టాలి. ఒక అమ్మవారి పాట తీసుకుందాం. ఒక గాయని, కోరస్‌కి ఇద్దరు, రెండు డప్పులు, ఒక సన్నాయి, పాట రాసిన మనిషి, రికార్డింగ్ ఇంజినీరు. ఈ కింది అంకెలు లెక్క కోసం వేసుకున్నవి, మీ ఊరి రేట్లు తెలిస్తే అవే పెట్టుకోండి. స్టూడియో 6 గంటలు, గంటకి 400 చొప్పున 2,400. మిక్సింగ్, మాస్టరింగ్ (రికార్డు చేసిన ముక్కల్ని కలిపి సరిదిద్దడం) 3,000. వాయించేవాళ్ళు ముగ్గురికి తలా 1,200 అంటే 3,600. కోరస్ ఇద్దరికి 1,000. గాయనికి 2,500, రచయితకి 1,500. ఆటో, భోజనాలు 1,000. మొత్తం 15,000. ఇందులో వీడియో లేదు.

ఆరు గంటలు ఎందుకు అంటారేమో. డప్పు వల్ల. డప్పు తోలు వేడికి బిగుస్తుంది. స్టూడియో గదిలో మంట పెట్టనివ్వరు కాబట్టి బయట కాచి లోపలికి తేవాలి. ఏసీ గదిలో, అందులోనూ వానాకాలం తేమకి, కాసేపటికే తోలు సడలి మోత దిగిపోతుంది. మొదటి చరణంలో ఖణేల్‌మన్న డప్పు మూడో చరణానికి బొదబొదమంటే ఆ రెండు ముక్కలూ మిక్సింగ్‌లో అతకవు. మళ్ళీ కాచాలి, మళ్ళీ కొట్టాలి, గంటల లెక్క పెరుగుతూనే ఉంటుంది. పైగా డప్పూ సన్నాయీ ఒకే గదిలో కలిసి వాయిస్తే సన్నాయి మైకులోకి డప్పు మోత దూరిపోతుంది. తర్వాత సన్నాయి ఒక్కదాన్నీ పెంచుదామంటే దాంతోపాటు డప్పూ పెరుగుతుంది. అందుకని విడివిడిగా రికార్డు చేస్తారు, దాంతో టైము ఇంకా పెరుగుతుంది. కీబోర్డులో రెడీమేడ్ లూప్, అంటే తిప్పి తిప్పి మోగే వాద్యం ముక్క, పెట్టి పాడితే ఈ తంటాలేవీ లేవు, గంటలో పని అయిపోతుంది. వినేటప్పుడు డప్పు అసలుదా లూపా అని ఒకసారి చెవి పెట్టి చూడండి. అసలు డప్పు దెబ్బలు ఏ రెండూ ఒక్కలా ఉండవు. లూప్ అయితే కొన్ని మాత్రలకి ఒకసారి అచ్చు గుద్దినట్టు అదే మోత తిరిగొస్తుంది. ధరలో తేడా అక్కడే మొదలవ్వాలి.

ఇక ఈ 15,000 యూట్యూబ్ నుంచి రావాలంటే? యూట్యూబ్ తన వాటా తీసుకున్నాక వెయ్యి వ్యూస్‌కి ఛానెల్‌కి 15 రూపాయలు మిగిలాయనుకుందాం. అప్పుడు పెట్టుబడి తిరిగి రావడానికే 10 లక్షల వ్యూస్ కావాలి. ఆ లెక్కన మీరు పంపే ఒక్క యాభై రూపాయలు 3,300 వ్యూస్ పెట్టు. అదీ ప్రకటనల డబ్బు రావడం మొదలైతేనే. దానికి 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ (లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కి కోటి వ్యూస్) ఉండాలి. ఖాతాలో 100 డాలర్లు పోగయ్యేదాకా గూగుల్ డబ్బు పంపదు, చిన్న ఛానెల్‌కి అంత పోగవడానికే నెలలు పడుతుంది. స్పాటిఫైలో అయితే 2024 నుంచి, గడిచిన 12 నెలల్లో 1,000 సార్లయినా వినబడని పాటకి రాయల్టీ లెక్కే కట్టరు. మన జానపద బృందాల పాటలు కొన్ని ఆ గీత దాటకుండానే ఉండిపోతాయి.

ఎంత అనే ప్రశ్నకి నేను చెప్పే పద్ధతి ఇది: పాటలో పనిచేసిన ఒక్కో మనిషికి పది రూపాయలు. పాట ఎంత చిన్నదైనా ముప్పైకి తగ్గొద్దు. పైన చెప్పిన అమ్మవారి పాటలో గాయని, కోరస్ ఇద్దరు, డప్పులు ఇద్దరు, సన్నాయి, రచయిత, ఇంజినీరు కలిపి ఎనిమిదిమంది, అంటే 80 రూపాయలు. ఆ ధరకి 188 మంది కొంటే 15,000 దాటుతుంది. పెళ్ళిళ్ళకీ పండగలకీ పిలుపులొచ్చే బృందానికి నూటతొంభైమంది దొరకడం అసాధ్యమేమీ కాదు. ఒక్కడే రాసి, లూప్ మీద పాడి, ఫోన్‌లో ఎడిట్ చేసి పెట్టిన పాటకి ముప్పై చాలు. అలాంటి పాటకి వంద ఇవ్వడం తప్పని అనను గానీ ఆ వంద డప్పు బృందానికి వెళ్తే ఎక్కువ పని జరుగుతుంది.

ఆల్బమ్ అయితే పాటల సంఖ్యతో హెచ్చవేయకండి. ఎనిమిది పాటలు ఒకే విడతలో చేస్తే ప్రయాణాలూ భోజనాలూ మైకుల ఏర్పాటూ ఒక్కసారే కాబట్టి నాలుగు పాటల ధర సరిపోతుంది: 80 నాలుగుసార్లు, 320. జముకు అనే వాద్యం మోగిస్తూ చెప్పే జముకుల కథలాంటివాటికి ఇంకో కొలత. అక్కడ కథ చెప్పేవాళ్ళు ముగ్గురు, రికార్డు చేసినవాడితో నలుగురు. మనుషులు తక్కువే గానీ నిడివి ఎక్కువ. అరగంటని ఒక పాటగా లెక్కపెట్టండి. రెండు గంటల కథకి 40 నాలుగుసార్లు, 160. అలాంటి రికార్డింగు కొనేవాళ్ళు మరీ తక్కువ కాబట్టి దాన్ని రెండు వందలు చేసి పంపినా ఎక్కువ కాదు.

చదువుకుంటున్న పిల్లలు పది పంపినా పరవాలేదు. సూరత్‌లోనో హైదరాబాద్‌లోనో ఉద్యోగం చేసుకుంటూ ఊరి పాట కోసం వెతుక్కునేవాళ్ళు ఈ లెక్కకి రెట్టింపు ఇవ్వగలరు, ఇవ్వాలి కూడా. ఏడాది పాటు రోజూ విన్న పాటకి రెండోసారి పంపడంలో తప్పులేదు. ఎవరూ రసీదు అడగరు.

ఇంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. మీరిచ్చేది ఎవరి చేతికి వెళ్తోంది? ఆంధ్ర, ఒడిశా సరిహద్దుకి ఇటూ అటూ జానపద ఛానెళ్ళలో నడిచే పద్ధతి ఏమిటంటే, ఛానెల్ యజమాని గాయనికి ఒక్కసారి ఇంత అని ఇచ్చేస్తాడు. ఆ తర్వాత వచ్చే వ్యూస్ డబ్బంతా యజమానిదే. అలాంటి ఛానెల్‌కి మీరు యూట్యూబ్‌లో మెంబర్‌షిప్ కట్టినా, వీడియో కింద సూపర్ థాంక్స్ బటన్‌తో డబ్బు పంపినా పాడినావిడకి చేరదు. ఇది మోసమని కాదు, ఖర్చు యజమాని పెట్టుకున్నప్పుడు అది వాళ్ళ మధ్య బేరం. కాకపోతే మీరు గాయనికి ఇస్తున్నానని అనుకుని ఇంకొకరికి ఇవ్వకూడదు.

చూసుకోవడం కష్టమేమీ కాదు. వీడియో కింద వివరణలో గానం, రచన, కోరస్, వాద్యం పేర్లు విడివిడిగా ఉన్నాయో లేదో చూడండి. ఛానెల్ పేరూ నిర్మాత పేరూ ఒకటై గాయని పేరు వేరైతే డబ్బు ఛానెల్‌దే అయివుండొచ్చు. డిస్ట్రిబ్యూటర్ (పాటల్ని యూట్యూబ్, స్పాటిఫైలాంటి వాటికి ఎక్కించే సంస్థ) ద్వారా ఎక్కిన ఆడియోకి వివరణ ‘ప్రొవైడెడ్ టు యూట్యూబ్ బై’ అని మొదలవుతుంది. కిందికి వెళ్తే సున్నాలో పీ అక్షరం ఉన్న గుర్తు పక్కన ఒక పేరుంటుంది. రికార్డింగు హక్కుదారు ఎవరో చెప్పేది అదే. అక్కడ గాయని పేరో బృందం పేరో ఉంటే వినడం వల్ల వచ్చే డబ్బు ఎంతో కొంత వాళ్ళకే వెళ్తుంది. వేరే సంస్థ పేరుంటే కామెంట్‌లోనో ఫోన్ చేసో ‘అమ్మా, నేరుగా మీకే పంపాలంటే ఏ నంబరు?’ అని అడిగేయండి. అడిగితే ఎవరూ నొచ్చుకోరు.

ఈ బేరాలు కుదుర్చుకునే పాటగాళ్ళకి కూడా ఒక మాట. 2012 కాపీరైట్ సవరణ తర్వాత పాట రాసినవాళ్ళూ బాణీ కట్టినవాళ్ళూ తమ రాయల్టీ వాటాని వారసులకో, రచయితల తరఫున రాయల్టీ వసూలు చేసే కాపీరైట్ సొసైటీకో తప్ప ఇంకెవరికీ రాసివ్వడం చెల్లదు. హక్కులు రాసిచ్చిన కాగితంలో గడువు లేకపోతే ఐదేళ్ళనే లెక్క, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. కాబట్టి ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అన్న మాటలు కాగితంలో ఉన్నాయో లేవో సంతకానికి ముందు చదువుకోండి. తరతరాలుగా వస్తున్న పాటకి రచయిత ఎవరో తెలియదు కాబట్టి ఆ వాటా ప్రశ్న రాదు. మీ సొంత చరణాలు కలిపితే ఆ చరణాలు మీవే.

పంపే దారుల్లో మనకి అన్నిటికన్నా మంచిది యూపీఐ. 80 పంపితే 80 చేరుతుంది. మామూలు పేమెంట్ గేట్‌వే లింకు అయితే 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ పోయి 78 చిల్లర చేరుతుంది. అదీ నష్టమేం కాదు, డౌన్‌లోడ్ లింకు దానంతటదే వెళ్ళే సౌకర్యం ఉంటుంది. సూపర్ థాంక్స్‌లో 70 శాతమే ఛానెల్‌కి దక్కుతుంది, 80లో 56 మించదు, మధ్యలో పన్నులు పోతే ఇంకా తగ్గుతుంది. కళాకారులు నేరుగా పాటలు అమ్ముకునే వెబ్‌సైటు బ్యాండ్‌క్యాంప్ డిజిటల్ పాటల మీద 15 శాతం తీసుకుంటుంది, చెల్లింపు రుసుము వేరే. అక్కడ కనీస ధర మీద ఎంతైనా కలిపి ఇవ్వొచ్చు. 2020 మార్చి నుంచి కొన్ని శుక్రవారాల్లో ఆ వాటా వదిలేస్తున్నారు, కొనాలంటే ఆ రోజు చూసి కొనండి. అయితే మనకి ఒక చిక్కుంది. ఆ సైట్లో కళాకారుడికి డబ్బు పేపాల్ అనే అంతర్జాతీయ చెల్లింపుల సంస్థ మీదుగా వెళ్తుంది, పేపాల్ 2021 ఏప్రిల్ 1 నుంచి భారతదేశంలో దేశీయ చెల్లింపులు ఆపేసింది. బరంపురం గాయకుడి పాటని పర్లాకిమిడిలో ఉండి అక్కడ కొనబోతే డబ్బు కట్టే దగ్గరే ఆగిపోవచ్చు. విదేశీ కళాకారుల పాటలు కొనడానికైతే అది బాగా పనికొస్తుంది. ముందుగా బ్యాంకు యాప్‌లో కార్డుకి అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసుకోండి, లేకపోతే కార్డు తిప్పికొడుతుంది. ఒక్కో చిన్న కొనుగోలు మీదా స్థిర రుసుము పడుతుంది కాబట్టి విడి పాటల కన్నా ఆల్బమ్ కొనడం నయం.

యూపీఐలో పంపేటప్పుడు రెండు జాగ్రత్తలు. నంబరు కొట్టగానే బ్యాంకులో ఉన్న పేరు కనిపిస్తుంది, అది గాయనిదో బృందం పెద్దదో కాకపోతే ఆగి అడగండి. వేరేవాళ్ళ పాటని తమ పేజీలో పెట్టి తమ క్యూఆర్ అతికించేవాళ్ళు ఉన్నారు. రెండోది, నోట్ గడిలో పాట పేరు రాయండి. బృందంలో డబ్బు పంచుకునేటప్పుడు అది ఏ పాటదో, ఆ పాటలో డప్పు ఎవరిదో తేలడానికి ఆ ఒక్క మాటే ఆధారం. నోట్ లేని డబ్బు ఫోన్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ ఇంటిఖర్చులో కలిసిపోతుంది.

డబ్బు కట్టాక ఫైలు సరైనది అడిగి తీసుకోండి. నాలుగు నిమిషాల పాట వేవ్ ఫైలుగా దాదాపు 40 ఎంబీ, 320 కేబీపీఎస్ ఎంపీ3గా పదికి కొంచెం తక్కువ. ఫోన్‌లో వినడానికి ఎంపీ3 చాలు, దాచుకోవడానికైతే శబ్దంలో ఏమీ పోని వేవ్ గానీ ఫ్లాక్ గానీ. వాట్సాప్‌లో పంపేవాళ్ళని ‘డాక్యుమెంట్‌గా పంపండి’ అని చెప్పండి. వీడియోగా పంపితే శబ్దం నలిగిపోతుంది, సన్నని పై శబ్దాలు అన్నిటికన్నా ముందు పోతాయి.

ఈ ధరలన్నీ సొంతంగా వినడానికే. షాపు ప్రకటనకో, ఎన్నికల బండికో, ఇంకో ఛానెల్ వీడియోకో వాడాలంటే వేరే బేరం, ముందుగా, రాతపూర్వకంగా. పాట చేయడానికి అయిన ఖర్చులో పదో వంతుకి తగ్గకుండా మొదలుపెట్టండి, పై ఉదాహరణలో 1,500. పెళ్ళి ఊరేగింపులో, పెళ్ళికి సంబంధించిన వేడుకల్లో పాట వేయడానికి కాపీరైట్ చట్టమే మినహాయింపు ఇచ్చింది కాబట్టి మామూలుగా డీజే బాక్సువాడు ఎవరికీ కట్టాల్సిన పనిలేదు. కానీ ఆ రాత్రంతా ఊరిని ఆడించిన పాట మన పక్క ఊరి బృందానిదే అయితే, సౌండ్ సిస్టమ్‌కి పది వేలు ఇచ్చిన పెళ్ళివారు ఆ నంబరుకి ఓ ఐదు వందలు కొట్టడానికి చట్టం అడ్డురాదు.