ఆరో తరగతికే దారి ఖరారా?

"డ్రాయింగ్ క్లాస్ మాన్పించేశామండీ, ఇక పూర్తిగా ఐఐటీ ఫౌండేషనే" అని పక్క ఫ్లాట్ ఆయన లిఫ్ట్‌లో చెప్తుంటే, ఆరో తరగతి చదివే వాళ్ళమ్మాయి చేతిలో సగం రంగులేసిన నెమలి బొమ్మ ఉంది. పొద్దున్నుంచీ నా మనసు అక్కడే ఉండిపోయింది.

చిన్నప్పుడే ఒకే దారి పట్టడం తప్పని నేననను. చదరంగంలో అది కావాలి కూడా, మన కోనేరు హంపి 2002లో 15 ఏళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయింది. కానీ అక్కడ గళ్ళూ మారవు, ఎత్తుల నియమాలూ మారవు. బతుకుతెరువు అలా ఉండదు కదా.

వెంకట్రామన్ రామకృష్ణన్‌ని చూడండి. ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ అయ్యాక మళ్ళీ విద్యార్థిగా చేరి బయాలజీ నేర్చుకున్నారు, తీరా 2009లో నోబెల్ వచ్చింది కెమిస్ట్రీలో! ఆ బహుమతి తెచ్చిన పని, జీవకణంలో ప్రొటీన్లు తయారుచేసే రైబోజోమ్ నిర్మాణం తేల్చడం. దానికి ఎక్స్-కిరణాల సంగతీ తెలియాలి, జీవకణం సంగతీ తెలియాలి. ఒక్క సబ్జెక్టు గోడల మధ్యే ఉండిపోతే అది అయ్యే పని కాదు.

లెక్కలు బాగా చేసే పిల్లని లెక్కలు చేయనివ్వండి, సంతోషం. దానికోసం మిగతావన్నీ పదకొండేళ్ళకే ఎందుకు లాగేసుకోవాలి?

మీ ఇళ్ళల్లో పిల్లల్ని ఎన్నో తరగతి దాకా అన్నీ రుచి చూడనిస్తున్నారు? నిజంగా తెలుసుకోవాలనుంది, చెప్పండి.