డుమువుల పాట ఆపేశాక

నాలుగో తరగతికి విభక్తులు చెప్పడమంటే ఇన్నేళ్లూ నాకు "డు, ము, వు, లు ప్రథమా విభక్తి" అని పాటలా వల్లె వేయించడమే. గడగడా అప్పజెప్పేస్తారు, వాక్యంలో మాత్రం పెట్టలేరు. ఈసారి పాత నోటుబుక్కుల అట్టల మీద మాటలు రాసి సగంమంది మెడలో వేశాను. మిగతా సగం కి, కు, తో, లో. ఈల వేయగానే జత వెతుక్కోవాలి.

పిల్లి పరుగెత్తి 'కి'ని పట్టుకుంది, చెట్టు 'కు'ని. చివర ఇకారం ఉంటే 'కి' అని నేను చెప్పకముందే ఒకమ్మాయి కనిపెట్టేసింది. (గోడకి అన్నవాణ్ణి ఔట్ చేయలేదు, మా ఇంట్లోనూ అలాగే అంటాం.)

చిక్కంతా 'ఇల్లు' దగ్గర. ఆ బుడ్డోడు 'కు' పక్కన నిలబడి "ఇల్లుకు" అని చదివి, తనే తల అడ్డంగా ఊపాడు. 'కి' దగ్గరికెళ్లాడు. "ఇల్లుకి". అదీ కుదరలేదు. "టీచర్, నేనే మారాలి" అన్నాడు! అట్ట తిప్పి 'ఇంటి' అని రాసుకున్నాడు. వెంటనే 'చెయ్యి' 'చేతి' అయింది, 'ఊరు' 'ఊరి' అయింది. పెద్ద క్లాసుల్లో ఔపవిభక్తికాలు (విభక్తి చేరేటప్పుడు మాట చివర వచ్చేవి) ఇ, టి, తి అని బట్టీ పట్టించేది వీటినే.

'లో' పిల్ల మాత్రం ఇంటర్వెల్‌లో కూడా అట్ట తీయలేదు. బెంచీలో, బ్యాగులో, డ్రమ్ములో అంటూ కనిపించినదానికల్లా అంటుకుని తిరిగింది.