పెరిగేవాడి మాట

మన బడి పాత విద్యార్థుల సమావేశ సంచికకు నాలుగు మాటలు రాయమని సంఘం వారు కోరినప్పటి నుంచి ఎంత తలచుకున్నా, ఎనిమిదో తరగతి వరకు గడిచిన ఏళ్ళేవీ నాకు జ్ఞాపకం రావడం లేదు. తొమ్మిదో తరగతిలో మన ఇంగ్లీషు అయ్యవారు పాఠం చెప్పిన ఒక్క మధ్యాహ్నం మాత్రం అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

దామలచెరువు దగ్గరి మా తోటను తలచుకొని, వ్యాసంలో నేను 'మై ఫాదర్ గ్రోస్ అప్ మ్యాంగో ట్రీస్' అని రాశాను. అయ్యవారు ఎర్ర సిరాతో 'అప్' ఒక్కటే కొట్టివేసి, ఆ గంటంతా దాని మీదే చెప్పారు. తెలుగులో పెరగడానికి ఒక క్రియ, పెంచడానికి మరొకటి ఉన్నాయి. ఇంగ్లీషులో 'గ్రో' ఒక్కటే రెండు పనులూ చేస్తుంది, కాని 'అప్' చేరగానే అది కర్మను ఒప్పుకోదు. రైతు చెట్లను 'గ్రో' చేస్తాడు, తల్లిదండ్రులు బిడ్డలను 'బ్రింగ్ అప్' చేస్తారు, 'గ్రో అప్' మాత్రం బిడ్డ తానుగా చేయవలసిన పని. "అది పెంచేవాడి మాట కాదు నాయనా, పెరిగేవాడి మాట" అన్నారు.

పెరిగే పిల్లవాడని మా అమ్మ నాలుగు వేళ్ళు పొడుగ్గా కుట్టించిన నా చొక్కాను చూపి 'గ్రో ఇంటు' చెప్పారు; మన తరగతి లీడరు నిక్కరును చూపి 'గ్రో అవుట్ ఆఫ్' చెప్పారు. నిక్కరు పొట్టిదయిందని మనమంటాం, పిల్లవాడే దాన్ని దాటి పెరిగాడని ఇంగ్లీషు వారంటారు. గోళ్ళు కొరకడం వంటి అలవాట్లు వయసుతో వదిలిపోవడానికీ, ఒక ఆలోచనలో నుంచి మరొకటి పుట్టుకురావడానికీ అదే మాట అని విన్నప్పుడు కలిగిన ఆశ్చర్యం నాకు ఈనాటికీ తగ్గలేదు. 'గ్రో ఆన్' దగ్గరకు వచ్చేసరికి గంట కొట్టారు. మొదట రుచించనిది రానురాను నచ్చడమని ఆయన గుమ్మంలో నిలబడి చెప్పి వెళ్ళారు. ఇంగ్లీషు విషయంలో నాకు జరిగింది సరిగ్గా అదే.

తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. ఇంగ్లీషు చదివి, 26 ఏళ్ళుగా ఆ భాషనే బోధిస్తున్నాను. ఏటా ఆ తప్పు వాక్యాన్నే బోర్డు మీద రాస్తాను. ఈసారి మా ఊరి వైపు నుంచే వచ్చిన ఒక అమ్మాయి, నేను అడగకముందే లేచి వచ్చి 'అప్' చెరిపివేసింది. సమావేశానికి అయ్యవారు వస్తున్నారని సంఘం వారు రాశారు కనుక, ఆ సంగతి వారికి చెప్పుకోవడానికి ఎర్ర సిరా ఉన్న నోట్‌బుక్కును కూడా తెస్తున్నాను.