ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటుతున్న వేళ, మా వీధిలో ఒక పదేళ్ల పిల్లవాడి ముంజేయి కిటికీ అద్దం పగిలి లోతుగా తెగింది. నేను స్టాఫ్ నర్సుగా పదవీ విరమణ చేసి అప్పటికి ఏడాది. ఫోన్లు పలకడం లేదు. కూలిన చెట్లను దాటి 108 వచ్చే దారి లేదు. ఉతికిన తువ్వాలు ఎంత నొక్కిపెట్టినా నెత్తురు ఆగకపోవడంతో, మోచేతికి పైన చీర పేలికతో బిగించి కట్టి, కట్టిన సమయాన్ని వాడి అరచేతి మీద బాల్‌పెన్నుతో రాశాను. ఆసుపత్రికి చేర్చేసరికి మూడు గంటలు దాటింది. ప్రాణం దక్కింది కానీ, రెండు వేళ్లకు స్పర్శ తిరిగి రావడానికి నెలలు పట్టింది. వాళ్ల బంధువు ఒకాయన మా గుమ్మంలో నిలబడి, “ఎవరు కట్టమన్నారమ్మా మిమ్మల్ని? కేసు పెడితే ఏం చెబుతారు?” అని అడిగారు. కేసు పెట్టలేదు. ఆ ప్రశ్న మాత్రం నన్ను చాలాకాలం వదలలేదు.

అదే గాయం రోడ్డు ప్రమాదంలో తగిలి, నేటి చట్టం అప్పుడే ఉండి ఉంటే, నా జవాబు సులువుగా ఉండేది. ప్రమాద బాధితులను ఆదుకునేవారి రక్షణకు కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను సుప్రీంకోర్టు 2016 మార్చిలో ఆమోదించింది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ చేరింది. ప్రతిఫలం ఆశించకుండా, సదుద్దేశంతో అత్యవసర సాయం చేసినవారి వల్ల పొరపాటు జరిగినా, వారిపై సివిల్, క్రిమినల్ చర్యలు ఉండవని ఆ సెక్షన్ చెబుతోంది. అయితే అది వాహన ప్రమాదాలకే పరిమితం. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ శివారు వెంకటాపురంలో, ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ అనే విషరసాయనపు ఆవిరి కమ్మి మనుషులు వీధుల్లోనే కుప్పకూలినప్పుడు, వారిని భుజాన వేసుకుని పరుగెత్తిన కుర్రవాళ్లకు ఆ సెక్షన్ వర్తించదు.

విపత్తుల విషయంలో 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టంలోని 73వ సెక్షన్ ఉంది. అది ప్రభుత్వాన్ని, అధికారులను, వారి తరఫున పనిచేసే వ్యక్తులను కాపాడుతుంది. “తరఫున” అన్న ఆ ఒక్క మాట దగ్గరే చిక్కంతా ఉంది. ఎవరూ నియమించకుండా, పక్కింటి కేక విని పరుగెత్తిన నర్సు ఎవరి తరఫున వెళ్లినట్టు?

సదుద్దేశం అన్న మాటకు కూడా చట్టంలో ఒకే అర్థం లేదు. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం ప్రకారం, నిజాయతీగా చేసిన పని నిర్లక్ష్యంతో కూడినదైనా సదుద్దేశమే. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత మాత్రం తగిన జాగ్రత్త, శ్రద్ధ లేని పనిని సదుద్దేశంగా అంగీకరించదు. స్పృహలేని మనిషి మేలు కోసం అనుమతి లేకుండా చేసిన చికిత్స నేరం కాదని ఆ సంహితలోని 30వ సెక్షన్ చెబుతున్నా, చీకట్లో, ఈదురుగాలిలో, చీర పేలికతో కట్టిన కట్టులో ఎంత శ్రద్ధ ఉంటే చాలునో తేలేది కోర్టులోనే.

నన్ను మరింత బాధపెట్టేది అదే సంహితలోని 106వ సెక్షన్. నిర్లక్ష్యం వల్ల మరణం సంభవిస్తే గరిష్ఠ శిక్ష ఐదేళ్లు. వైద్య ప్రక్రియ నిర్వహిస్తున్న రిజిస్టర్డ్ డాక్టరుకైతే రెండేళ్లు. నర్సులు, ఫార్మసిస్టులు ఆ రెండేళ్ల వెసులుబాటులోకి రారు. వరద నీటిలో డాక్టరుకంటే ముందు చేరేది చాలాసార్లు వీళ్లే కదా!

నిర్లక్ష్యానికి అడ్డూ అదుపూ ఉండకూడదని నేను కోరడం లేదు. మత్తులో వచ్చినవారికీ, రాని పనిని వచ్చినట్టు నటించినవారికీ రక్షణ అక్కరలేదు. 134ఏ వంటి నిబంధన తుపానులకు, గ్యాస్ ప్రమాదాలకు, అగ్నిప్రమాదాలకు కూడా రావాలి. అది వచ్చేదాకా, శిక్షణ పొందినవారి పేర్లను ముందే నమోదు చేసుకుని, విపత్తు వేళ రాతపూర్వకంగా పని అప్పగిస్తే, 73వ సెక్షన్ నీడలోకి వెళ్లే అవకాశమైనా వారికి దొరుకుతుంది.

మా కాలనీలో పదకొండుమందిమి మా పేర్లు, అర్హతలు రాసి, ఇదే కోరుతూ తహసీల్దారు కార్యాలయంలో అర్జీ ఇచ్చాం. అందినట్టు ముద్ర వేసిన నకలు నా ప్రథమ చికిత్స పెట్టెలో, గాజుగుడ్డ చుట్ట కింద, బాల్‌పెన్ను పక్కన ఉంది.