వేసవికి ముందు ఫ్యాన్లన్నీ మా బడికి వచ్చాయి

శివరాత్రి వెళ్ళి, తెల్లవారుజామున చలి తగ్గి, బడి ఆవరణలోని వేపచెట్టు పండుటాకు రాల్చి లేతచిగురు తొడిగే రోజుల్లో మా ఊళ్ళో ఇంటింటా ఒకే సందేహం మొదలవుతుంది. చలికాలమంతా కదలని ఫ్యాను ఈ ఎండాకాలానికి సరిగా తిరుగుతుందా, లేదా? ఈ ఏడాది ఆ సందేహానికి జవాబు వెతికే పనిని మా పిల్లలు తలకెత్తుకున్నారు. ఆ పని ఎలా సాగిందో, ఎక్కడ తప్పిందో, దాంతోపాటు ఈ వసంతంలో మా వృత్తి విద్య తరగతుల్లో ఇంకేం జరిగిందో రాసి ఉంచాలనిపించింది.

నేను ప్రకాశం జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో వృత్తి విద్య బోధిస్తాను. సమగ్ర శిక్ష పథకం కింద మా బడిలో తొమ్మిది, పది తరగతులకు వ్యవసాయం, ఎలక్ట్రానిక్స్ అనే రెండు ట్రేడులు నడుస్తున్నాయి. నాది రెండోది. పాఠ్యప్రణాళికలో దాని పేరు 'ఫీల్డ్ టెక్నీషియన్ - అదర్ హోమ్ అప్లయన్సెస్'. మిక్సీ, ఇస్త్రీ పెట్టె, నీళ్ళు శుద్ధి చేసే యంత్రం వంటి గృహోపకరణాల లోపాలను గుర్తించి బాగుచేయడం అందులోని ముఖ్యాంశం. సీలింగ్ ఫ్యానును నేనే చేర్చుకున్నాను, ఎందుకంటే మా ఊళ్ళో నీళ్ళ శుద్ధి యంత్రం లేని ఇళ్ళున్నాయి గానీ ఫ్యాను లేని ఇల్లు లేదు.

సి.వి. రామన్ తన ఆవిష్కరణను 1928లో ప్రకటించిన ఫిబ్రవరి 28ని ఏటా జాతీయ విజ్ఞాన దినోత్సవంగా జరుపుకుంటాం. ఆ రోజు థర్మోకోల్‌తో నమూనాలు చేసి బల్లల మీద పెట్టడం మా బడిలో ఆనవాయితీ. వాటిని నేను తక్కువ చేయడం లేదు, కానీ సాయంత్రానికి అవి మూలన పడతాయి. ఈసారి వాటికి బదులు ఊరి ఫ్యాన్లను, ఇస్త్రీ పెట్టెలను బడికి తెప్పించి పిల్లల చేత బాగుచేయిద్దామని అడిగితే, ప్రధానోపాధ్యాయురాలు ఒకే ఒక్క షరతు పెట్టారు: ఏ పిల్లవాడి చేతికీ కరెంటు తగలకూడదు. అందుకని పరీక్షించే బల్లకు వచ్చే సరఫరాను 30 మిల్లీఆంపియర్ల లీకేజికే ఆగిపోయే ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్చి గుండా ఇచ్చాం. విప్పడం, బిగించడం అంతా ప్లగ్గు పీకిన తరువాతేననీ, స్విచ్చి వేసేది నేనొక్కడినేననీ, ఛార్జిని నిలవ ఉంచుకునే కెపాసిటర్ అనే భాగాన్ని తాకే ముందు దానిలోని ఛార్జిని తప్పనిసరిగా పోగొట్టాలనీ పెద్ద అక్షరాలతో రాయించి గోడకు అంటించాం.

పిల్లలే వీధివీధికీ వెళ్ళి చెప్పి వచ్చారు. ఆ రోజు 31 ఫ్యాన్లు, 9 ఇస్త్రీ పెట్టెలు వచ్చాయి. సైకిలు మీద, ద్విచక్ర వాహనం మీద, కొందరైతే చీరకొంగులో పొదివి పట్టుకుని మరీ తెచ్చారు. వచ్చిన ప్రతి వస్తువుకూ అంకె వేసి, యజమాని చెప్పిన లోపాన్ని వాళ్ళ మాటల్లోనే రిజిస్టరులో రాసుకోమన్నాను. "ముసలెద్దులా తిరుగుతోంది", "కర్రతో తోస్తే గానీ కదలడంలేదు", "తిరుగుతున్నంతసేపూ మూలుగుతోంది" అన్న ఆ మాటల్లోనే రోగనిర్ధారణ సగం ఉందని పిల్లలు గంటసేపట్లో కనిపెట్టారు. నిదానంగా తిరిగేదానికీ, తోస్తే గానీ కదలనిదానికీ చాలావరకు కెపాసిటరే కారణం. మామూలు సీలింగ్ ఫ్యానులో 2.5 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ దాని సామర్థ్యం తగ్గి, మోటారును కదిలించే తీగచుట్టకు, అంటే స్టార్టింగ్ వైండింగుకు, అందవలసిన ఊపు అందదు. మూలిగేదానికి బేరింగులు మార్చాలి. బేరింగుల సైజులను తెలిపే 6201, 6202 అంకెలను పిల్లలు ఎక్కాల్లా వల్లించారు. వైండింగే కాలిపోయిన వాటి విషయంలో మాత్రం, మళ్ళీ చుట్టించడానికయ్యే ఖర్చును, 75 వాట్ల పాత ఫ్యానుకు బదులు 30 వాట్లతో నడిచే బీఎల్‌డీసీ అనే కొత్తరకం మోటారు ఫ్యాను కొంటే ఆదా అయ్యే కరెంటును లెక్కగట్టి, నిర్ణయం యజమానులకే వదిలేశారు.

అయితే ఆ రోజు నాకు బాగా గుర్తుండిపోయింది ఒక ఇస్త్రీ పెట్టె. జాకెట్లు కుట్టే ఒకావిడ దాన్ని తెచ్చి, అప్పుడప్పుడూ చేతికి చురుక్కుమంటోందని చెప్పింది. మా బల్ల మీద సిరీస్ బోర్డు ఉంటుంది. అంటే సరఫరాకూ, పరీక్షించే వస్తువుకూ నడుమ 100 వాట్ల పాతకాలపు గుండు బల్బు ఉంటుంది. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి పనికిరాదు. వస్తువు లోపల తీగ తెగి ఉంటే బల్బు వెలగదు, షార్టయితే నిండుగా వెలుగుతుంది. ఫ్యానును పెడితే మసకగా వెలగడం ఉదయం నుంచీ చూస్తున్న ఒక అబ్బాయి, ఇస్త్రీ పెట్టెను పెట్టగానే బల్బు దాదాపు నిండుగా వెలగడం చూసి, "షార్టయింది సార్, ఇక పనికిరాదు" అని తేల్చేశాడు. నేను ఏమీ చెప్పకుండా, పెట్టె మీద ఎన్ని వాట్లని రాసి ఉందో చూడమన్నాను. 1000 వాట్లని ఉంది.

అప్పుడు పక్కనే నిలబడి చూస్తున్న పదో తరగతి అమ్మాయి సుద్దముక్క తీసుకుని బల్ల మీదే లెక్క మొదలుపెట్టింది. ఓల్టేజి వర్గాన్ని సామర్థ్యంతో, అంటే వాట్లతో, భాగిస్తే నిరోధం వస్తుంది. 230ని 230తో హెచ్చవేసి 1000తో భాగిస్తే దాదాపు 53 ఓములు. అదే లెక్కన 100 వాట్ల బల్బు నిరోధం 529 ఓములు. రెండూ శ్రేణిలో ఉన్నప్పుడు, ఉన్న ఓల్టేజిలో పదకొండింట పది వంతులు బల్బే తీసుకుంటుంది కాబట్టి, పెట్టె బాగున్నా బల్బు దాదాపు నిండుగానే వెలుగుతుంది. లెక్క పూర్తిచేసి తలెత్తి, "ఇది మా పీఎస్ పుస్తకంలోని లెక్కే కదా సార్" అంది. భౌతికశాస్త్రం స్లిప్ టెస్టుల్లో ఆ అమ్మాయికి ఎప్పుడూ మంచి మార్కులు రాలేదు. నల్లబల్ల మీద అంటీముట్టనట్టుండే సూత్రం, చేతిలో ఇస్త్రీ పెట్టె ఉన్నప్పుడు ఆమెకు లొంగింది.

తరువాత మల్టీమీటరుతో చూస్తే పెట్టెను వేడెక్కించే ఎలిమెంటు నిరోధం 55 ఓముల దగ్గర తేలింది, అంటే ఎలిమెంటు తెగలేదు. కానీ ఫేజు పిన్నుకూ పెట్టె లోహపు ఒంటికీ మధ్య ఏమీ చూపించకూడని మీటరు ఏదో అంకె చూపించింది. విప్పి చూస్తే, నైక్రోమ్ రిబ్బను చుట్టిన అభ్రకం పలక ఒక అంచున పొడిపొడిగా రాలి, రిబ్బను లోహానికి తగులుతోంది. అభ్రకం మనకు పరాయి వస్తువు కాదు, గూడూరు ప్రాంతపు గనులు ఒకప్పుడు దీనికే పేరుపొందాయి. పొరలు పొరలుగా లేచే ఆ పలకను చేతుల్లో తిప్పి చూస్తూ, ఇంత వేడికి ఓర్చుకుంటూ కరెంటును మాత్రం పోనివ్వని రాయి ఉంటుందా అని పిల్లలు ఆశ్చర్యపోయారు. అసలు ప్రమాదం ప్లగ్గులో ఉంది. ఎర్తు తీగ ఎప్పుడో తెగిపోయింది. అది ఉండి ఉంటే కరెంటు భూమిలోకి పోయి ఫ్యూజు ఎగిరిపోయేది, ఆవిడ చెయ్యి దాకా వచ్చేది కాదు. అభ్రకంతో సహా కొత్త ఎలిమెంటు వేసి, ఎర్తు తీగను బిగించి, ఎర్తు పిన్ను నుంచి పెట్టె ఒంటి దాకా నిరోధం సున్నాకు దగ్గరగా ఉందని ఆవిడ ఎదుటే చూపించి ఇచ్చారు. ఎర్తు పిన్ను మిగతా రెండింటికన్నా ఎందుకు పొడవుగా ఉంటుందో ఆ అబ్బాయే ఆవిడకు వివరించాడు. ప్లగ్గు పెట్టేటప్పుడు అన్నిటికన్నా ముందు తగలవలసింది, తీసేటప్పుడు అన్నిటికన్నా చివర విడవవలసింది అదేనని.

అంతా సవ్యంగా జరగలేదు. మర్నాడు ఉదయమే ఒక అవ్వ బడి గేటు దగ్గర నిలబడి ఉంది. "అమ్మాయ్, మీరు బాగుచేసిన ఫ్యాను గిర్రున తిరుగుతోంది గానీ గాలి మాత్రం రావడంలేదు తల్లీ" అంది. పిల్లలకు ఏమీ తోచలేదు, నాకు మాత్రం తప్పు తెలిసిపోయింది. ఫ్యాన్లను తెచ్చినవాళ్ళు రెక్కలను ఇంట్లోనే వదిలేసి మోటారును మాత్రమే తెచ్చారు. మేము రెక్కలు లేకుండానే తిప్పి చూసి ఇచ్చేశాం. కెపాసిటర్ మార్చేటప్పుడు సరఫరా తీగను రన్నింగ్ వైండింగు కొసకు బదులు స్టార్టింగ్ వైండింగు కొసకు కలిపితే మోటారు తిరుగుతుంది, కానీ వెనక్కి తిరుగుతుంది. రెక్కల వాలు మారదు కాబట్టి గాలి కిందికి రాకుండా కప్పు వైపు పోతుంది. కలపడం నేర్పాను గానీ, కింది నుంచి చూసినప్పుడు అపసవ్య దిశలో తిరుగుతోందో లేదో చూసుకోమని నేను పట్టుబట్టి చెప్పలేదు. ఆ తప్పు నాదేనని తరగతిలో అందరి ముందూ చెప్పాను.

సాయంత్రం బడి వదిలాక ఇద్దరు పిల్లలతో అవ్వ ఇంటికి వెళ్ళాను. నేను మెయిన్ ఆపి, స్టూలు పట్టుకున్నాను. ఇస్త్రీ పెట్టె లెక్క కట్టిన అమ్మాయే పైకెక్కి తీగల కొసలు మార్చింది. స్విచ్చి వేయగానే అవ్వ మంచం మీద కూర్చుని, ముఖం పైకెత్తి, కాసేపు మాట్లాడకుండా గాలి తగలనిచ్చింది. తరువాత లోపలికి వెళ్ళి పిల్లలిద్దరి చేతుల్లో వేరుశనగ ఉండలు పెట్టింది. మర్నాటి నుంచి పిల్లలు బాగుచేసిన ప్రతి మోటారు మీదా తిరిగే దిశను సుద్దతో బాణం గీసి చూపిస్తున్నారు. ఆ ఆలోచన నాది కాదు, వాళ్ళదే.

మార్చి మొదటి వారంలో పిల్లలను ఒంగోలులోని ఒక మోటారు వైండింగ్ షాపుకు తీసుకువెళ్ళాను. బోర్లలో నీళ్ళు కిందికి దిగి, ఓల్టేజి పడిపోయి, పొలాల మోటార్లు కాలిపోయే కాలమిది. ఓల్టేజి తగ్గినా మోటారు మీది బరువు తగ్గదు కాబట్టి అది ఎక్కువ కరెంటు లాగి, తీగ మీది ఎనామిల్ పూత మాడిపోతుంది. షాపులో మేస్త్రీ మాడిన చుట్టలను స్లాట్ల నుంచి కోసి లాగుతూ, ఒక్కో చుట్టలో ఎన్ని వరసలున్నాయో లెక్కపెట్టమని పిల్లలకు అప్పగించాడు. లెక్కలో ఒక్కటి తప్పినా కొత్త వైండింగు తేడా వస్తుందన్నాడు. ఇరవైమంది పిల్లలు నోరు మెదపకుండా తీగ వరసలు లెక్కపెడుతున్న ఆ అరగంట నాకు ఏ పరీక్ష హాలులోనూ కనిపించని ఏకాగ్రత.

వ్యవసాయం ట్రేడు పిల్లల సంగతి క్లుప్తంగానైనా చెప్పాలి. సంక్రాంతి ముందే ప్రోట్రేలలో, అంటే నారు పెంచే గుంటల ట్రేలలో, కొబ్బరిపొట్టు నింపి పెంచిన టమాటా, వంగ నారు ఫిబ్రవరి చివరికి కాపుకు దగ్గరపడింది. తెల్లదోమకు పసుపు జిగురు అట్టలు కట్టారు, ఆవు పేడ, మూత్రంతో చేసే జీవామృతం అనే ద్రవ ఎరువును తామే కలుపుకున్నారు. మొదటి కోత వంకాయలను మధ్యాహ్న భోజనం వండే అమ్మలకు ఇచ్చారు. ఆ రోజు కూర వడ్డిస్తుంటే ఎప్పుడూ వంకాయ తీసి పక్కన పెట్టే పిల్లలు కూడా పెట్టించుకుని తిన్నారు.

పదో తరగతి పబ్లిక్ పరీక్షలకు ముందు మా ట్రేడు ప్రాక్టికల్ జరిగింది. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు లోపమున్న మిక్సీని చేతికిచ్చి కారణం చెప్పమన్నాడు. కార్బన్ బ్రష్షులు అరిగిపోయాయని చాలామంది సరిగానే పట్టుకున్నారు. నోటి ప్రశ్నలకు తడబడిన ఒక అబ్బాయి, చేతికి స్క్రూడ్రైవరు రాగానే తడబాటు మరిచిపోయాడు. అందరూ ఉత్తీర్ణులయ్యారు. వాళ్ళలో నలుగురు ఇప్పుడు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా కోసం పాలిసెట్ ప్రవేశ పరీక్షకు చదువుతున్నారు. ఆ నలుగురిలో ఇస్త్రీ పెట్టె లెక్క కట్టిన అమ్మాయి కూడా ఉంది.

ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. వృత్తి విద్య చదువు రానివాళ్ళకేనన్న అభిప్రాయం తల్లిదండ్రుల్లో ఇంకా బలంగా ఉంది. చేతిపని ద్వారా చదువు చెప్పాలని గాంధీజీ 1937లో వార్ధాలో చెప్పారు. 2025 నాటికి కనీసం సగంమంది విద్యార్థులకు వృత్తి విద్య అందాలని 2020 జాతీయ విద్యావిధానం రాసింది. కాగితం మీద ఇంత గౌరవం ఉన్న ఈ పీరియడును, పరీక్షలు దగ్గరపడగానే మొట్టమొదట తీసేసి లెక్కలకో ఇంగ్లీషుకో ఇచ్చే బడులు ఎన్నో ఉన్నాయి. మాలాంటి శిక్షకులకు ఏజెన్సీల ద్వారా అందే జీతం నెలల తరబడి ఆలస్యమవుతుంది. మొత్తం తరగతికి మా దగ్గర రెండే మల్టీమీటర్లున్నాయి. ఇంకో నాలుగు ఉంటే ఆ రోజు ప్రతి జట్టూ తన చేత్తో తానే కొలిచి చూసుకునేది. ఈ కొరత తీరాలని నేను ఏటా రాసిస్తూనే ఉన్నాను, వచ్చే ఏడాదీ రాసిస్తాను.

ఒంటిపూట బడులు మొదలయ్యాక పదో తరగతి గది ఖాళీ అయింది. తొమ్మిదో తరగతి పిల్లలు మాత్రం బడి వదిలాక కూడా ల్యాబులోనే తచ్చాడుతున్నారు. 31 ఫ్యాన్లలో ఒకటి మాత్రం ఇంకా మా దగ్గరే ఉండిపోయింది. దాని షాఫ్టు అరిగిపోయింది, అలాంటిది మా దగ్గరి అంగళ్ళలో దొరకలేదు. వేసవి సెలవుల్లో ఒంగోలు వెళ్ళి తెస్తామని ఇద్దరు చెప్పి, కొలత కోసం పాత షాఫ్టును కాగితంలో చుట్టి పట్టుకుపోయారు. మోటారు నా బల్ల మీద ఉంది, దాని పక్కన రిజిస్టరులో ఆ అంకె ఎదురుగా ఉన్న గడిని ఖాళీగా వదిలారు.