ఎక్స్‌యూవీ400, నెక్సాన్ ఈవీ: పికప్‌లో తేడా ఎక్కడుంది?

ఇవి రెండూ ఎలక్ట్రిక్ కార్లు. మహీంద్రా ఎక్స్‌యూవీ400 టార్క్ (మోటార్ తిప్పే బలం) 310 న్యూటన్ మీటర్లు, టాటా నెక్సాన్ ఈవీ లాంగ్ రేంజ్ (40.5 యూనిట్ల బ్యాటరీ) టార్క్ 215. ఇంత తేడా ఉన్నా 0 నుంచి 100 కి.మీ. స్పీడు అందుకోడానికి కంపెనీలు చెప్పే టైం 8.3, 8.9 సెకన్లే. ఎందుకంటే టార్క్ బలం మొదట్లోనే. స్పీడు పెరిగాక లెక్కకొచ్చేది పవర్. అది 150, 145 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత), దాదాపు సమానం.

అందుకే హన్మకొండ సిగ్నళ్ల దగ్గర ఎక్స్‌యూవీ400 ముందు దూకుతుంది. ఎనుమాముల మార్కెట్‌కు పోయే పత్తి లారీని 60 మీద ఓవర్‌టేక్ చేసేటప్పుడు మాత్రం ఆ తేడా బాగా తగ్గిపోతుంది. నా లెక్కన మన రోడ్లకు చూడాల్సింది 60-100 టైమే.

రెండూ ముందు చక్రాలతో నడిచేవే. వాన పడ్డ రోడ్డు మీద పెడల్ ఒక్కసారి తొక్కితే టైర్లు తిరుగుతాయి, టైర్లు జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ పవర్ కోసేస్తుంది, టైం పోతుంది. మెల్లగా తొక్కండి.

పోల్చాలంటే రెండిట్లో చార్జింగ్ 80 శాతం పైన, మనుషులు అంతే మంది, టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి సరిచూసి, నెక్సాన్‌ను స్పోర్ట్, ఎక్స్‌యూవీ400ను ఫియర్‌లెస్ మోడ్‌లో పెట్టి, ట్రాఫిక్ లేని ప్రైవేటు స్థలంలో రెండు దిక్కులా నడిపి సగటు తీయండి. స్పీడోమీటర్ ఎక్కువ చూపిస్తుంది, జీపీఎస్ వాడండి. బ్యాటరీ అడుగంటితే పవర్ తగ్గుతుంది, ఆ టైంలు పనికిరావు.